కిటికీ తెరిచాక, నీళ్ళు తాగక ముందు

ఎనిమిది మంది సాక్షులు, ఒకటే మాట. ఇన్‌స్పెక్టర్ మీసం మీద చెయ్యి వేసుకోవడానికి కారణం అదే. పంతులు మనసు కుదుటపడకపోవడానికీ కారణం అదే.

"ఒక్క ముక్క పొల్లుపోలేదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెట్ల దగ్గర ఆగి. "నా సర్వీసులో ఇంత శుభ్రమైన కేసు చూళ్ళేదు. మీరొచ్చి ఇందులో ఏం కెలుకుతారో నాకు అంతుపట్టడం లేదు పంతులుగారూ."

"శుభ్రంగా ఉందని తెలిసే వచ్చాను."

డిటెక్టివ్ కాకముందు అతను బడిలో పాఠాలు చెప్పేవాడు. వృత్తి మారినా పిలుపు మారలేదు. ఆ పిలుపులో ఎత్తిపొడుపు కలపడం మాత్రం ఇన్‌స్పెక్టర్ ఒక్కడికే చాతనైన విద్య. ఇద్దరూ ఇదివరకు రెండు కేసుల్లో ఎదురుపడ్డారు. ఒకదాంట్లో ఒకరు, రెండోదాంట్లో ఇంకొకరు గెలిచారు. ఎవరు ఎందులో గెలిచారన్న దాని మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

సంగతి చూడబోతే చిన్నదే. పెద్దవాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే సంస్థ ఇది. సోమవారం ఉదయం పై అంతస్తు గదిలో, విద్యార్థుల ఎదుటే, మాస్టారు కుప్పకూలిపోయారు. విషమన్నారు డాక్టర్లు. ప్రాణం పోలేదు, స్పృహా రాలేదు. ఆయన టేబుల్ మీది ఫ్లాస్కు నీళ్ళలో అదే విషం దొరికింది. ఆ ఫ్లాస్కుని రోజూ ఇంట్లో నింపేది కూతురు. సోమవారం కూడా తానే నింపాననీ, తండ్రి చేతికి తానే ఇచ్చాననీ ఆ పిల్ల దాచకుండా చెప్పింది. ముందురోజు తండ్రీ కూతుళ్ళు గట్టిగా అరుచుకోవడం పక్కింటివాళ్ళు విన్నారు. "ఇలాగే చెప్పీ చెప్పీ ఆ బోర్డు ముందే పోతావు నువ్వు," అందట. ఒంట్లో బాగాలేని తండ్రిని పని మానమని చెప్పే కూతురు అలా కాక ఎలా అంటుందని పంతులుకి అనిపించింది. ఇన్‌స్పెక్టర్‌కి అనిపించలేదు.

ఇవాళ గురువారం. ఆ అమ్మాయి కింద జీపులో కూర్చుని ఉంది. స్థలం చూపించడానికి తీసుకొచ్చారు. మధ్యాహ్నం కోర్టు, కోర్టయ్యాక జైలు. అక్కణ్ణించి ఆసుపత్రికి దారి లేదు. ఈ రోజు గడిస్తే గాని ఏమీ చెప్పలేమని డాక్టర్లు పొద్దున్నే తేల్చేశారు.

వచ్చేటప్పుడు పంతులు జీపు పక్కన ఆగాడు. ఆ పిల్ల మేనమామే అతన్ని ఈ పనికి పెట్టింది. అందుకని ఆమె అతనితో వరస కలిపింది.

"బాబాయ్‌గారూ, నన్ను విడిపించకపోయినా ఫర్వాలేదండీ. ఒక్కసారి నాన్న దగ్గరికి తీసుకెళ్ళమనండి. నేనొచ్చానని ఆయనకి తెలిస్తే చాలు. తర్వాత ఎక్కడికి రమ్మన్నా వస్తాను."

పంతులు సరేనని అనలేదు. తన భార్య విషయంలో అతను వేరే ఊరి నుంచి బయల్దేరి వచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఆనాటి నుంచి, నిలబెట్టుకోలేనేమో అనిపించిన మాట అతని నోట రాదు. "చూస్తానమ్మా," అని మాత్రం అన్నాడు.

మెట్లు మొదలయ్యే చోట గోడకి చిన్న పలక ఉంది: ఈ మెట్టు దాటాక ఇంగ్లీషు మాత్రమే. పైన, సంస్థ నడిపే మేడమ్ ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చెదరని చీర, ఎవరినీ నొప్పించని నవ్వు. ముందు ఇంగ్లీషులో పలకరించింది.

"రూలు మీకు వర్తించదులెండి," అంది వెంటనే మాట మార్చి. "అతిథులు కదా. మా పిల్లలకి మాత్రం చాలా కచ్చితం. లోపల ఇంటి భాష మాట్లాడితే సర్టిఫికెట్ ఆపేస్తాం. నలభై ఏళ్ళవాళ్ళని కూడా పిల్లలే అంటాను, ఏమనుకోకండి."

"మాస్టారు క్లాసుకి వెళ్ళకముందు మిమ్మల్ని కలిశారా?"

ఆ నవ్వు చెదరలేదు గాని, జవాబు రావడం కాస్త ఆలస్యమైంది. "రోజూ కలుస్తారు. గుడ్ మార్నింగ్ చెప్పుకుంటాం. అంతే."

"పడిపోయినప్పుడు మీరెక్కడున్నారు?"

"నా గదిలో. కేకలు విన్నాక పరిగెత్తాను." చేతిసంచి భుజాన వేసుకుంది. "నేను ఆసుపత్రికి వెళ్ళాలండీ. ఆయన్ని కనిపెట్టుకుని ఉండటానికి ఎవరున్నారు చెప్పండి? ఉన్న ఒక్క కూతురూ ఇలా చేసిందాయె. పగలంతా నేనే కూర్చుంటున్నాను."

ఆమె మెట్లు దిగిపోయాక ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. "ఎంత మంచావిడండీ! ఆ రోజు స్టేట్‌మెంట్లప్పుడు ఆవిడ పక్కన లేకపోతే నాకు చుక్కలు కనబడేవి."

"పక్కన ఉండి ఏం చేశారు?"

"నేనడిగింది ఆవిడ వాళ్ళని ఇంగ్లీషులో అడిగారు. వాళ్ళు చెప్పింది నేను రాసుకున్నాను. వంటమనిషి, ఆయా, కారు డ్రైవరు... ఒక్కొక్కళ్ళు ఇంగ్లీషులో గడగడా చెబుతుంటే నాకే ముచ్చటేసింది."

"మీరు మామూలు భాషలో అడగలేదా?"

"అడిగాను. గుడ్లప్పగించి ఆవిడ వైపు చూశారు. సంస్థ పద్ధతంట. ఏ భాషలో చెబితే ఏమిటండీ, నిజం నిజమేగా?"

"ఒకసారి నన్నూ విననివ్వండి," అన్నాడు పంతులు.

* * *

విద్యార్థులు పక్క గదిలో కూర్చుని ఉన్నారు. అందరూ వయసొచ్చినవాళ్ళే. పరాయి దేశంలో పనులు కుదిరి, అక్కడ నోరు విప్పగలిగితే చాలని వచ్చినవాళ్ళు. సర్టిఫికెట్ ఉంటే ప్రయాణం, లేకపోతే లేదు. ముందు వరసలో బట్టలు కుట్టే టైలర్ లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. కళ్ళు పంతులు మీద లేవు, అతని తల మీదుగా ఎక్కడో గోడ మీద ఉన్నాయి.

"ఆఫ్టర్ హీ ఓపెన్డ్ ద విండో, హీ డ్రాంక్ సమ్ వాటర్. బిఫోర్ హీ రోట్ ద లెసన్, హీ వైప్డ్ ద బోర్డ్. వైల్ హీ వాజ్ రైటింగ్, హీ ఫెల్. డ్యూరింగ్ ద లెసన్, నోబడీ కేమ్."

కిటికీ తెరిచాక నీళ్ళు తాగారు. పాఠం రాయకముందు బోర్డు తుడిచారు. రాస్తూ ఉండగా పడిపోయారు. పాఠం జరుగుతుండగా ఎవరూ రాలేదు.

తర్వాత డ్రైవర్ లేచాడు. అవే వాక్యాలు, అదే వరస, ఊపిరి తీసుకునే చోటు కూడా అదే. ముసలివాళ్ళని చూసుకునే పని చేసే ఆయా లేచింది. ఆమె 'విండో' దగ్గర ఆగిపోతే, వెనక బెంచీలోంచి ఎవరో పెదాలు కదిపి అందించారు. పంతులు ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. బడిలో ఏళ్ళ తరబడి విన్న శబ్దం అది. పద్యం అప్పజెప్పే పిల్లల గొంతు. అర్థం తెలిసినవాడూ తెలియనివాడూ అందులో ఒకటే.

వరండాలోకి వచ్చాక ఇన్‌స్పెక్టర్ విజయగర్వంతో చూశాడు. "విన్నారుగా?"

"వీధిలో ఇద్దరు తిట్టుకుంటే, చూసిన ఎనిమిది మందీ ఎనిమిది తగాదాలు చెబుతారు. మీకు నాకన్నా బాగా తెలుసు. వీళ్ళు చెప్పింది చూసింది కాదండీ, నేర్చుకున్నది. మాస్టారి పద్ధతి నేను కనుక్కున్నాను. ఆయన రోజూ క్లాసు మొదట్లో నోరు మెదపకుండా ఈ పనులే చేస్తారు. కిటికీ తెరుస్తారు, నీళ్ళు తాగుతారు, బోర్డు తుడుస్తారు, గంట కొట్టేదాకా రాస్తారు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, ఏం చేశాను, దేని తర్వాత ఏది, దేనికి ముందు ఏది అని అడుగుతారు. వాళ్ళు చెప్పాలి. అదే పాఠం."

"అయితే? రోజూ చేసేవాడు సోమవారం కూడా చేశాడు. మంచిదేగా!"

"పడిపోవడం పాఠంలో లేదు. అయినా ఎనిమిది మందీ 'ఫెల్' అన్నారు. 'ఫాల్డ్' అని తప్పు పలకకుండా మొదటిసారే ఆ మాట పలికిన కొత్త విద్యార్థి నాకు బడిలో ఒక్కడూ తగల్లేదు. ఎవరో అందించారు."

ఇన్‌స్పెక్టర్ పొట్ట చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. "బాగుంది! జడ్జిగారి ముందు నిలబడి, అయ్యా, వీళ్ళు తప్పు మాట్లాడలేదు కాబట్టి అబద్ధం చెబుతున్నారు అంటారా? వ్యాకరణం పట్టుకుని కోర్టుకెళితే బెత్తం పుచ్చుకుని తరుముతారు పంతులుగారూ."

"నిజమే. అది సాక్ష్యం కాదు. అందుకే మాస్టారి గది తలుపు తీయమంటున్నాను."

* * *

తాళం మీది సీలు విరిచి ఇన్‌స్పెక్టర్ తలుపు తోశాడు. మూసిన గదిలో ఆగిపోయిన గాలి ముఖానికి కొట్టింది. అందులో రంగు వాసన.

టేబుల్, కుర్చీ, ఎనిమిది బల్లలు. టేబుల్ పక్కన నేల మీద సుద్దతో గీసిన గీత. ఫ్లాస్కు ఉన్న చోట ఇంకో గీత. పంతులు వాటి వంక చూడలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆ గదికి కిటికీ ఒక్కటే. కర్ర రెక్కలకి కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు. రెక్కకీ రెక్కకీ మధ్య సందులో రంగు గడ్డకట్టి, చర్మంలా సాగి, రెండింటినీ అతికించేసింది. గడియ కూడా తన బెజ్జంలోనే రంగులో కూరుకుపోయి ఉంది. పై నుంచి కింది దాకా ఎక్కడా చీలిక లేదు.

"ఇలా రండి," అన్నాడు. "తెరవండి."

"నేనెందుకు తెరవాలి?"

"నేను తెరిస్తే సాక్ష్యం పాడుచేశానంటారు."

ఇన్‌స్పెక్టర్ గడియ పట్టుకుని లాగాడు. రాలేదు. అరచేత్తో నెట్టాడు, తర్వాత భుజం ఆనించాడు. కిటికీ కదల్లేదు సరిగదా మూలగనైనా మూలగలేదు. అతని ముఖంలో నవ్వు కాస్త పక్కకి తప్పుకుంది.

"రంగు ఎప్పుడు వేశారు?" అడిగాడు పంతులు.

"ఆదివారం. సెలవని వేయించామని ఆవిడే చెప్పింది." అంతలోనే అతనికి దారి దొరికింది. "మధ్యలో మళ్ళీ ఎవరైనా వచ్చి వేసుండొచ్చుగా? సోమవారం ఆయన తెరిచాడు, ఆ తర్వాత రంగువాళ్ళు వచ్చి ఇంకో పూత పూశారు."

"తలుపు మీద సీలు ఎవరిది?"

"నాది."

"ఎప్పుడు వేశారు?"

"సోమవారమే. ఆంబులెన్సు వెళ్ళీ వెళ్ళగానే."

"ఇప్పటిదాకా చెక్కు చెదరలేదుగా?"

తన సీలు చెదిరిందనడానికి ఇన్‌స్పెక్టర్‌కి నోరు రాదు. చెదరలేదంటే కిటికీ తెరుచుకోలేదు. పంతులు అతన్ని ఆ ఇరుకులో ఎక్కువసేపు ఉంచలేదు. బోర్డు వైపు చూపించాడు. దాని నిండా పాఠం ఉంది. పై మూల మాస్టారి గుండ్రని చేతిరాత: శనివారం.

"సోమవారం తుడిచారన్నారు. తుడిస్తే శనివారం ఎలా మిగిలింది? రాస్తూ ఉండగా పడిపోయారన్నారు. ఏం రాశారు? ఒక్క అక్షరం చూపించండి."

"మొన్న... మొన్న మా దృష్టంతా ఫ్లాస్కు మీదే ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. మాట చివర ఎత్తిపొడుపు 'పంతులుగారూ' ఈసారి లేదు.

"కిటికీ తెరవలేదు. బోర్డు తుడవలేదు. రాయనూ లేదు. నాలుగు మాటల్లో మూడు అబద్ధమైతే, మధ్యలో నీళ్ళు తాగిన మాట ఒక్కటి నిజమెలా అవుతుంది? ఫ్లాస్కులో నీళ్ళెంత ఉన్నాయి?"

"అంచు దాకా. పెద్ద ఫ్లాస్కు కదా, రెండు గుక్కలకి ఏం తగ్గుతుందనుకున్నాను." అని, వెంటనే మళ్ళీ బిగుసుకున్నాడు. "అయినా ఒప్పుకోను. ఎనిమిది మందీ కలిసి ఒక పెద్దమనిషిని చంపబోయి అబద్ధం ఆడారంటారా? వాళ్ళకి ఆయన దేవుడు!"

"అబద్ధం ఆడలేదు. వాళ్ళకి ఈ నాలుగు వాక్యాలే వచ్చు. ఈ మెట్లెక్కాక వేరే భాషలో నోరు విప్పకూడదు. మీరు నిజం అడిగారు. వాళ్ళ దగ్గర ఉన్నది పాఠం. అదే ఇచ్చారు."

* * *

ఎనిమిది మందినీ వెంటబెట్టుకుని పంతులు మెట్లు దిగాడు. గోడ మీది పలక దాటాడు. జీపు ఆగి ఉన్న చోటికి పది అడుగుల దూరంలో, చెప్పుల దుకాణం అరుగు నీడలో నిలబెట్టాడు.

"ఇది వీధి," అన్నాడు. "ఇక్కడ రూలు లేదు. ఇంట్లో చెప్పినట్టు చెప్పండి. సోమవారం ఏమైంది?"

ఎవరూ కదల్లేదు. టైలర్ ఒకసారి పైకి, మేడమ్ గది కిటికీ వైపు చూశాడు.

"ఆవిడ లేదు," అన్నాడు పంతులు. "ఆసుపత్రికి వెళ్ళారు."

"సర్టిఫికెట్ ఆపితే మీరిస్తారా?" అన్నాడు డ్రైవర్ పుల్లవిరుపుగా. "వచ్చే వారం ప్రయాణం. చెప్పింది మార్చకుండా ఉంటే అందరికీ ఇచ్చేస్తానన్నారు."

"ఎవరన్నారు?"

"ఇంకెవరు? మేడమ్."

ఇన్‌స్పెక్టర్ నోరు తెరవబోయాడు. పంతులు అతని మోచెయ్యి మీద చెయ్యి వేశాడు. జీపులోంచి ఆ అమ్మాయి ఊచల మీదికి వంగి ఇటే చూస్తోంది. ఆయా కళ్ళు ఆమె మీద పడ్డాయి. పడి, అక్కడే ఆగిపోయాయి.

"ఏమో నాయనా," అంది ఆయా. "నాకు సర్టిఫికెట్ వద్దు, ఏమీ వద్దు. సార్ కిటికీ తీయలేదు. రంగు వాసనకి 'అబ్బా' అన్నట్టు ముక్కు మూసుకున్నాడు."

అంతే, గట్టు తెగింది.

"ముక్కెక్కడ మూసుకున్నారు? తల పట్టుకున్నారు!"

"తల కాదు, గుండె."

"నీ మొహం, నువ్వు వెనక బెంచీలో నిద్రపోతున్నావుగా?"

"నిద్రపోయేది నువ్వు. ముందు రోజు రాత్రంతా బండి తోలానని నువ్వే చెప్పావు!"

"గళ్ళ చొక్కా వేసుకున్నారు."

"తెల్ల చొక్కారా బాబూ. నేను టైలర్ని, నాకు చెబుతావా?"

ఎనిమిది నోళ్ళు, ఎనిమిది సోమవారాలు. ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. పంతులుకి ఆ ఉదయం మొదటిసారి ఊపిరి తేలికైంది. గది లోపల అప్పజెప్పినప్పుడు గోడనే చూసిన కళ్ళు, ఇప్పుడు ఒకరినొకరు చూసుకుని పోట్లాడుతున్నాయి.

"ఒక్కొక్కళ్ళు," అన్నాడు. "సార్ గదిలోకి ఎక్కణ్ణించి వచ్చారు?"

"మేడమ్ గదిలోంచే," అన్నాడు డ్రైవర్. ఈసారి ఎవరూ కాదనలేదు. "చాలాసేపు లోపలే ఉన్నారు. ఏదో గట్టిగా అనుకున్నారు. ఇంగ్లీషులో."

"ఏమిటో అర్థమైందా?"

టైలర్ తల వంచుకున్నాడు. "'నాట్ రెడీ' అన్నారు సార్. ఆ రెండు ముక్కలూ మాకు తెలుసు. మేం ఇంకా తయారవలేదని. మా సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టనన్నారు. ఆ మాటే శనివారం క్లాసయ్యాక, కింద వీధిలో మన భాషలో అన్నారండీ. మీకు నా వాక్యాలు వచ్చాయి గాని మీ వాక్యాలు రాలేదు, అక్కడ ఒంట్లో బాగాలేకపోతే డాక్టరుకి ఎక్కడ నొప్పో చెప్పలేరు, ఇలా పంపించనన్నారు. నిజం చెప్పొద్దూ, మాకందరికీ ఒళ్ళు మండింది. అందుకే పడిపోయాక మేడమ్ చెప్పమన్నట్టు చెబితే తప్పనిపించలేదు."

"మేడమ్ గదిలో ఏమైనా తాగారా?"

"తలుపు మూసుంది. ఖాళీ టీ కప్పు చేతిలో పట్టుకునే బయటికొచ్చారు," అంది ఆయా. "ఎవరైనా కప్పు క్లాసులోకి తెస్తారా? పాపం, పరధ్యానం. వరండా గట్టు మీద పెట్టేసి వచ్చాడు."

"ఫ్లాస్కులో నీళ్ళు తాగారా?"

"ఎక్కడ తాగాడయ్యా? ముడి విప్పితే కదా!"

"ఏం ముడి?"

"ఆ పిల్ల ఫ్లాస్కుకి గుడ్డ చుట్టి గట్టిగా ముడేసి పంపుతుంది, నీళ్ళు కారకుండా. సార్ రోజూ ఆ ముడితో కుస్తీ పట్టేవాడు. మాకు నవ్వొచ్చేది. మూతకి ఇంత కాపలా ఎందుకో అని కిందికొచ్చాక మాతో చెప్పుకునేవాడు. సోమవారం ఆయన పడిపోతే, తల కింద పెట్టడానికి సంచీ తీద్దామని టేబుల్ మీది ఫ్లాస్కు నేనే పక్కకి జరిపాను. ముడి ముడిలాగే ఉంది."

ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు ముందుకి వేశాడు. "నేను వచ్చేసరికి గుడ్డ లేదు. మూత తీసి పక్కన పెట్టి ఉంది."

"అప్పటికి మేం గదిలో లేం సార్," అన్నాడు టైలర్. "మేడమ్ అందర్నీ బయటికి పంపేశారు. గాలి ఆడాలన్నారు. ఆంబులెన్సు వచ్చేదాకా తలుపు వేసుకుని ఆవిడొక్కరే ఉన్నారు."

"నోబడీ కేమ్ అన్నారు కదయ్యా, మరి!"

"పాఠం జరుగుతుండగా ఎవరైనా వచ్చారా అని అడిగారండీ. పాఠం జరగనే లేదుగా."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. పంతులు గెలుపు చూపించుకునే స్థితిలో లేడు. అతను ఆయానే చూస్తున్నాడు. ఆమె ఇంకా ఏదో చెప్పాలని చూస్తోంది, నోరు రావడం లేదు.

"చెప్పమ్మా."

"సార్ ఎప్పుడూ లోపల ఇంటి భాష మాట్లాడలేదు నాయనా. మేం బతిమాలినా మాట్లాడడు. ఆ రోజు కింద పడిపోయి, నా చెయ్యి పట్టుకుని..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "'మా అమ్మాయిని పిలవండి' అన్నాడు. మన మాటే. రెండుసార్లన్నాడు. అది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు రాలేదు. అందుకే ఈ పోలీసు బాబుగారికి చెప్పలేదు."

వీధిలో ఏదో బండి హారను మోగించుకుంటూ పోయింది. జీపులోని అమ్మాయి విన్నదో లేదో పంతులుకి ముందు తెలియలేదు. తర్వాత చూస్తే, ఆమె నుదురు ఊచలకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. ఏడుపు శబ్దం లేదు.

"ఆసుపత్రికి ఫోను చెయ్యండి," అన్నాడు పంతులు. "ఆయన మంచం దగ్గర ఎవరినీ ఉండనివ్వొద్దని చెప్పండి. వెంటనే."

ఇన్‌స్పెక్టర్ ఈసారి ఎందుకని అడగలేదు. నంబరు నొక్కి, ఫోను పంతులుకి కూడా వినబడేలా పట్టుకున్నాడు. అవతల నర్సు గొంతు పనుల హడావిడిలో ఉంది.

"ఆయనా? ఇంతకుముందే స్పృహలోకి వచ్చారు సార్. మంచి వార్త. కళ్ళు తెరవగానే కూతురేదని అడిగారు."

"పక్కన ఎవరున్నారు?"

"మేడమ్‌గారు. అమ్మాయి దగ్గరికే తీసుకెళతానని చెప్పారు. ఆ మాట వినగానే ఆయనే సంతకం పెట్టేశారు పాపం, చెయ్యి వణుకుతున్నా. డాక్టరుగారు వద్దన్నారు గాని పేషెంటే కావాలంటే మేమేం చేస్తాం? కారులో ఎక్కించుకుని వెళ్ళారు."

"ఏ వైపు?"

"మేం చూడలేదు సార్. మీ దగ్గరికి రాలేదా?"

ఇన్‌స్పెక్టర్ ఫోను దించాడు. జీపు వెనక్కి నడిచాడు, తాళం తీశాడు, తలుపు బార్లా తెరిచాడు.

అమ్మాయి కళ్ళు తెరిచింది. పంతులు ముఖంలోకి వెతుకుతున్నట్టు చూసింది.

"నాన్నకి ఎలా ఉందండీ?"

"స్పృహలోకి వచ్చారమ్మా. వచ్చాక ముందు నిన్నే అడిగారు."

ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగు చూడటం పంతులు వల్ల కాలేదు. ఎక్కి ఆమె పక్కన కూర్చుని, జీపు డ్రైవర్‌కి బయల్దేరమని సైగ చేశాడు.

"తర్వాత?" అంది ఆమె. "అడిగాక ఏమన్నారు బాబాయ్‌గారూ? తర్వాత?"